తెల్వకుంట

రాత్రి పదకొండు దాటింది.
పాలమూరు దవాఖాన, పాత బ్లాకు మెట్ల కింద
ఒకప్పుడు చీపుర్లు, ఫినాయిలు డబ్బాలు పెట్టిన అర్రల
ఇప్పుడు రెండు ఏసీలు, ఒక ర్యాకు, నేను, జహంగీర్.

పాత వాల్యూమ్ నిండింది. తొంభై ఏడు శాతం.
ఏడేండ్ల ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, కాన్పుల లెక్కలు.
ఒక డిస్కు పొద్దుగాల నుంచి
కుంటెద్దు లెక్క టక్కు టక్కుమంటున్నది.
అన్నీ కొత్తదాంట్లకు చేర్చాలె.
సూపరింటెండెంట్ సారు ఒక్కటే మాటన్నడు:
"ఒక్క నిమిషం గూడ ఆపొద్దమ్మా.
పాములు మన టైము చూసి కరవవు."

ఆపకుంట జరుపుడంటే ఎట్ల చెప్పాలె.
పాత గుమ్మిలకెల్లి జొన్నలు కొత్త గుమ్మిల పోస్తుంటే
పొయ్యి మీద ఎసరు మరుగుతనే ఉండాలె.
అడిగిన చేతికి దోసెడు అందాలె.
నువ్వు ఏ గుమ్మి జొన్నవని
రొట్టె అడగొద్దు.

మొదటి విడతల మొత్తం పోతది.
అది పోయేలోపల ఎవరో కల్వకుర్తిల బీపీ ఎక్కిస్తరు,
ఎవరో గద్వాలల ఆడపిల్ల బరువు రాస్తరు.
మారినయి మల్ల పోవాలె.
అవి పోయేలోపల ఇంకొన్ని.
ఎనకబడ్డ మేకపిల్లల కోసం
కాపరి మర్లి మర్లి వచ్చినట్టు,
వచ్చినప్పుడల్లా జర తక్కువ దూరం.

తెర మీద ఇంగ్లీషు మాట ఉంటది.
జహంగీర్ రిజిస్టర్ల దాన్ని తెలుగుల రాస్తడు:
వలస, నలభై ఒక్క శాతం.

ఏం జహంగీర్,
ఈ జిల్లాల ఆ మాట అంత అలకగ రాస్తరా?

మా నాయనమ్మ సాయమ్మ.
మక్తల్ దిక్కు పల్లె.
మేస్త్రి చేతుల అడ్వాన్సు తీసుకున్న రాత్రి
రెండు పారలు, సజ్జల మూట, పొట్టమీద పిల్ల.
కోడిపెట్టను పక్కింట్ల ఇచ్చింది, గుడ్లు మీరే తినుండ్రని.
తలుపుకు తాళం. తాళానికి పసుపు బొట్టు.
ఎక్కడిదో కాలువ తవ్వి
తొమ్మిది నెలలకు మర్లి వస్తే
కోడి లేదు.
బడి రిజిస్టర్ల మా నాయిన పేరు మీద ఎర్రగీత.
బియ్యం దుకాణమాయన వేలు తడుపుకుంట కాయితాలు తిప్పి
ఈ పేరుతోని ఎవ్వరు లేరు అన్నడు,
ఆమె మొఖం చూసుకుంటనే.

ఆమెను ఎవరు కాపీ చేసిపెట్టలేదు
పోయేముందు.

రెండుం బావుకు అచ్చంపేట నుంచి సిస్టర్ కరుణకుమారి
ఒక ఫైలు తెరిచింది. కుర్మయ్య, యాభై ఆరు.
చేను గట్టు మీద పాము.
ఆయన సగం పాతదాంట్ల ఉన్నడు, సగం కొత్తదాంట్ల.
ఆమెకు మాత్రం నిండు మనిషే కనిపించిండు:
మూడేండ్ల కింద గూడ కరిచింది,
అప్పుడు మందు పడలేదు, ఒళ్ళంత దద్దులు,
జర పైలం అని ఎవరో డాక్టరు రాసిన వరుస.
ఆ వరుస కొత్త డిస్కు మీద చేరి
అప్పటికి పదకొండు నిమిషాలు.

మూడూ ఇరవై ఆరు.
ఇగ మారింది దాదాపు ఏం మిగల్లేదు.
కావడి మోసేటోడు నడక ఆపకుంట
భుజం మార్చుకునే గడియ ఇది.
బుంగల నీళ్ళు ఒక్కసారి ఊగుతయి,
తొణకొద్దు.
జహంగీర్ ఊపిరి బిగబట్టిండు.
నేను మీట నొక్కిన.

ఒకటి.
రెండు.

ఫోను మోగింది.
"మేడం, నెట్టు జర ఆగినట్టయింది?"
"కరెంటేమో సిస్టర్," అబద్ధం చెప్పిన.
"కుర్మయ్య ఎట్లున్నడు?"
"మందు మెల్లగ ఎక్కిస్తున్నం. నీళ్ళడుగుతున్నడు."

పాతదాన్ని ఎంటనే తుడవం.
ఏడు రోజులు అట్లనే ఉంచుతం,
ఏదన్న మర్లి రావాల్సొస్తే
జాగ ఉండాలె గద.
ఈ నియమం ఎవరు రాసిండ్రో తెల్వదు, మంచోళ్ళు.

జహంగీర్ రాసిండు: వలస పూర్తి. ఎవరికీ తెల్వదు.
చాయ్ తెస్తనని ఫ్లాస్కు పట్టుకోని పోయిండు.

ఒక్కదాన్నే ఉన్న. పని సరిగ్గయిందా లేదా
ఏదన్న ఒక పేరు కొట్టి చూడాలె.
సాయమ్మ అని కొట్టిన.
రెండు వందల పన్నెండు మంది.
పాత లెక్కల గూడ రెండు వందల పన్నెండే.
కంటిశుక్లం సాయమ్మ, విరిగిన మణికట్టు సాయమ్మ,
కవలలను కన్న పంతొమ్మిదేండ్ల సాయమ్మ.
ఒక్కరు గూడ తొవ్వల తప్పిపోలేదు.

మాయమ్మ అందుల లేదు.
ఏ దవాఖానకు పోయిందని ఉంటది.

అయినా ఇంకోసారి
కిందిదాక చూసిన.